పరోల్ నిరాకరణపై అమెరికా ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ ఎలా వేయాలి

మన పేపర్లో ‘పెరోల్ మీద బయటికొచ్చాడు’ అని చదివితే, చెల్లెలి పెళ్లికో తండ్రి కర్మకో నాలుగు రోజులు వదిలారని అర్థం. ‘హెబియస్ కార్పస్’ అంటే కనబడకుండా పోయిన మనిషిని హైకోర్టు ముందు నిలబెట్టమని అడగడం. అమెరికాలో ఈ రెండు మాటలకూ అర్థం వేరు. అక్కడ పరోల్ అంటే మిగిలిన శిక్షను బయట, ఒక అధికారి పర్యవేక్షణలో గడిపేలా విడుదల చేయడం. మన ముందస్తు విడుదలకు దగ్గరగా ఉంటుంది. హెబియస్ కార్పస్ అంటే, రాష్ట్ర జైల్లో ఉన్న ఖైదీ ‘నన్ను పట్టి ఉంచడం అమెరికా రాజ్యాంగానికి విరుద్ధం’ అని ఫెడరల్ జడ్జికి చెప్పుకొనే పిటిషన్.

అమెరికాలో ఏదో ఒక రాష్ట్ర జైల్లో ఉన్న మీ మనిషికి బయటి నుంచి సాయం చేస్తున్నారనుకొని ఇది రాస్తున్నాం. లోపల కూర్చొని తన పిటిషన్ తానే రాసుకొనేవారికీ ఇవే మెట్లు. ఈ పిటిషన్లు ఎక్కువగా రెండు చోట్ల పోతాయి: ఆ కోర్టు జవాబు చెప్పని ప్రశ్న అడగడం వల్ల, లేదా తేదీ దాటడం వల్ల. అందుకే ఆ రెండిటి గురించే ఎక్కువ చెబుతాం.

1. కోర్టు ఏ ప్రశ్నకు జవాబిస్తుందో ముందు తేల్చుకోండి

ఫెడరల్ జడ్జి పరోల్ బోర్డు మీద పైబోర్డు కాదు. ‘ఇరవై ఏళ్లలో ఒక్క గొడవ లేదు, డిగ్రీ చదివాడు, సైకాలజిస్టు రిపోర్టు బాగుంది, అయినా ఇవ్వలేదు’ అన్న బాధ ఎంత న్యాయమైనదైనా ఆ కోర్టులో నిలవదు. 1979లో నెబ్రాస్కా నుంచి వచ్చిన గ్రీన్‌హోల్ట్జ్ కేసులో సుప్రీంకోర్టు రెండు సంగతులు చెప్పింది. పరోల్ హక్కును రాజ్యాంగం తనంతట తాను ఇవ్వదు. అయితే రాష్ట్ర చట్టం ‘ఫలానా కారణాలుంటే తప్ప విడుదల చేయాలి’ అని బోర్డు చేతులు కట్టేసేలా ఉంటే, ఖైదీ పెట్టుకున్న ఆశకు అమెరికా రాజ్యాంగం 14వ సవరణలోని డ్యూ ప్రాసెస్ (న్యాయమైన పద్ధతి పాటించాలన్న) రక్షణ దొరుకుతుంది. 1987లో మోంటానా నుంచి వచ్చిన అలెన్ కేసు కూడా ఈ మాటే నిలబెట్టింది.

ఆ రక్షణ చాలా చిన్నది. తన మాట చెప్పుకొనే అవకాశం ఉండాలి, పరోల్ కాదంటే ఎందుకు కాదన్నారో చెప్పాలి. అంతే. కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం ప్రకారం మనిషి ఇప్పటికీ ప్రమాదకరమని చూపే ‘కొంతైనా సాక్ష్యం’ బోర్డు దగ్గర ఉండాలి. కొన్నేళ్ల పాటు 9వ సర్క్యూట్ (కాలిఫోర్నియాతో సహా కొన్ని రాష్ట్రాల మీది ఫెడరల్ అప్పీలు కోర్టు; ఇలాంటి కోర్టుల్ని సర్క్యూట్లని అంకెలతో పిలుస్తారు) ఆ సాక్ష్యం ఉందో లేదో కూడా చూసేది. 2011 జనవరి 24న స్వార్థౌట్ వర్సెస్ కుక్ తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది. ఖైదీని మాట్లాడనిచ్చారా, సాక్ష్యాన్ని ఎదుర్కోనిచ్చారా, రికార్డులు ముందే చూడనిచ్చారా, కారణాలు చెప్పారా అని చూసి, ఇవన్నీ జరిగాయి కాబట్టి ఫెడరల్ కోర్టు పని అక్కడితో అయిపోయిందని చెప్పింది. సాక్ష్యం చాలదన్న వాదన బలమైనదైతే దాన్ని రాష్ట్ర కోర్టులోనే పూర్తి బలంతో వాదించండి. ఫెడరల్ కోర్టుకు దాచిపెట్టుకోకండి.

రాష్ట్రాన్ని బట్టి కూడా తేడా ఉంది. టెక్సాస్, జార్జియా చట్టాలు బోర్డుకు పూర్తి విచక్షణ ఇచ్చాయి కాబట్టి అక్కడి పరోల్‌కు డ్యూ ప్రాసెస్ రక్షణే లేదని 5వ, 11వ సర్క్యూట్లు ఎప్పుడో తేల్చాయి. ఆ రాష్ట్రాల నుంచి ‘విచారణ సరిగ్గా జరపలేదు’ అని మాత్రమే రాస్తే మొదటి పేజీలోనే కొట్టేస్తారు.

మరి నిలిచే కారణాలేవి? మాట్లాడే అవకాశమే ఇవ్వకపోవడం, కారణం అసలు చెప్పకపోవడం. మతం, జాతి చూసి నిరాకరించడం. జైలు మీద కేసు వేశాడన్న కక్షతో నిరాకరించడం. మతబోధ ఉన్న కార్యక్రమానికి వెళ్లి తీరాలని బలవంతపెట్టడం కూడా మత స్వేచ్ఛను కాపాడే 1వ సవరణకు విరుద్ధమే. మద్యం, డ్రగ్స్ మానిపించే పన్నెండు మెట్ల కార్యక్రమాలు చాలావాటిలో దేవుడి ప్రస్తావన ఉంటుంది. మత భాగం లేని మరో దారి చూపకుండా వెళ్లమంటే తప్పని 7వ సర్క్యూట్ 1996లో, 9వ సర్క్యూట్ 2007లో అన్నాయి. ఇక నేరం జరిగిన తర్వాత మారిన పరోల్ నియమాన్ని వెనక్కి వర్తింపజేశారన్న వాదన ఒకటుంది. 1995లో మొరాలెస్, 2000లో గార్నర్ కేసులు దీన్ని కష్టం చేశాయి. రెండు విచారణల మధ్య వ్యవధి పెరిగిందంటే చాలదు, దానివల్ల జైల్లో గడిపే కాలం పెరిగే ప్రమాదం గట్టిగా ఉందని చూపాలి. గార్నర్ కేసులో జార్జియా ఆ వ్యవధిని 3 ఏళ్ల నుంచి 8 ఏళ్లకు పెంచింది. అంత పెంపు కూడా దానంతట అది సరిపోలేదు.

పరోల్ మీద బయట ఉన్న మనిషిని మళ్లీ లోపల పెట్టినప్పుడు సంగతి వేరు. అప్పుడు 1972 నాటి మోరిసీ వర్సెస్ బ్రూయర్ వర్తిస్తుంది: రాతపూర్వక నోటీసు, సాక్ష్యం చూపడం, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం, తటస్థంగా ఉండే అధికారి, రాతపూర్వక కారణాలు. ఇలా పరోల్ రద్దు చేసిన కేసులో చేతికి దొరికే ఆయుధాలు నిరాకరణ కేసులో కంటే చాలా ఎక్కువ.

2. ఏ తలుపు తట్టాలి

గెలిస్తే ఏం దొరుకుతుంది? పేపరు తెరవకముందే ఇది అడగండి. గెలుపు వల్ల విడుదల తప్పనిసరిగా ముందుకు జరుగుతుందంటే అది హెబియస్ కార్పస్. గెలిస్తే దొరికేది మరో విచారణ మాత్రమే అయితే, సెక్షన్ 1983 కింద పౌరహక్కుల దావా వేయవచ్చని 2005లో ఒహాయో ఖైదీల కేసు, విల్కిన్సన్ వర్సెస్ డాట్సన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి కేసును హెబియస్‌గా కూడా వేయవచ్చా అన్నదానిపై సర్క్యూట్ల మధ్య తేడా ఉంది. 9వ సర్క్యూట్ 2016లో నెటిల్స్ వర్సెస్ గ్రౌండ్స్‌లో కుదరదంది. అంటే కాలిఫోర్నియా, అరిజోనా, నెవాడా, వాషింగ్టన్, ఓరెగాన్, ఐడహో, మోంటానా, అలాస్కా, హవాయి జైళ్ల నుంచి ‘కొత్త విచారణ ఇప్పించండి’ అని హెబియస్ వేస్తే, అది తప్పు తలుపు అని తిప్పి పంపుతారు, లేదా దావాగా మార్చమంటారా అని అడుగుతారు.

ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఖర్చు ఆలోచించకుండా సరేననకండి. హెబియస్ ఫీజు 5 డాలర్లు. దావా ఫీజు 350 డాలర్లు, పేదరిక దరఖాస్తు (ఫీజు కట్టే స్తోమత లేదని వేసే దరఖాస్తు) లేకపోతే దానికి పరిపాలనా రుసుము 55 కూడా కలుస్తుంది. పేదరిక దరఖాస్తు ఒప్పుకున్నా దావా ఫీజు మాఫీ కాదు. ఖైదీ ఖాతాలో 10 డాలర్లు దాటినప్పుడల్లా ముందు నెల జమలో 20 శాతం చొప్పున 350 తీరేదాకా కోస్తారు. మీరు ఇంటి నుంచి పంపే డబ్బులోంచి కూడా. పైగా పసలేనివని కొట్టేసిన దావాలు మూడు పోగైతే, ప్రాణాపాయం ఉంటే తప్ప ఆ తర్వాత పేదరిక వెసులుబాటే ఉండదు. హెబియస్‌కు ఈ షరతులు లేవు.

ఫెడరల్ ఖైదీల సంగతి క్లుప్తంగా: 1987 నవంబరు 1 నుంచి జరిగిన నేరాలకు ఫెడరల్ వ్యవస్థలో పరోల్ లేదు. అంతకుముందు నేరాలవారు, వాషింగ్టన్ డీసీ చట్టం కింద 2000 ఆగస్టు 5కు ముందు నేరాలవారు ఉంటే వారి పిటిషన్ సెక్షన్ 2241 కింద, ప్రస్తుతం ఉన్న జైలు జిల్లా కోర్టులో వేయాలి. ఇక్కడి నుంచి చెప్పేది రాష్ట్ర ఖైదీలు వేసే సెక్షన్ 2254 పిటిషన్ గురించి.

3. కాగితాలు పోగుచేయండి

విచారణ నోటీసు, బోర్డు ముందు పెట్టిన ఫైలు, సైకాలజిస్టు రిపోర్టు, నిర్ణయ పత్రం, పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ (విచారణలో మాట్లాడిన ప్రతి మాటా రాసిన కాగితాలు) కావాలి. కాలిఫోర్నియాలో ట్రాన్‌స్క్రిప్ట్ విచారణ జరిగిన 30 రోజుల్లో అందుబాటులో ఉండాలి. సారాంశంతో సరిపెట్టుకోవద్దు. బోర్డు సభ్యుడు మాట మధ్యలో ఆపాడా, అభ్యంతరం చెప్పారా, ఎవరు ఏ పేజీలో ఏమన్నారు అన్నది ట్రాన్‌స్క్రిప్ట్‌లోనే దొరుకుతుంది. ప్రతి కాగితం వచ్చిన తేదీ, కవరు మీది ముద్ర రాసిపెట్టుకోండి. జైలు చట్టపరమైన పోస్టుకు ఉంచే లాగ్‌బుక్ నకలు కూడా అడిగి తీసుకోమనండి. గడువు గురించి తర్వాత గొడవ వస్తే ఆదుకొనేది అదే.

4. రాష్ట్ర కోర్టులన్నీ తిరిగాకే

ఫెడరల్ కోర్టు ముందు పెట్టే ప్రతి కారణాన్నీ ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు దాకా ముందే తీసుకెళ్లి ఉండాలి. కాలిఫోర్నియాలో వరుస ఇది: శిక్ష వేసిన కౌంటీలోని సుపీరియర్ కోర్టు, తర్వాత కోర్ట్ ఆఫ్ అప్పీల్, ఆపైన రాష్ట్ర సుప్రీంకోర్టు. మూడు చోట్లా రాష్ట్ర హెబియస్ ఫారం, హెచ్‌సీ-001. న్యూయార్క్‌లో దారి వేరు. నిర్ణయం అందిన 30 రోజుల్లో బోర్డు దగ్గరే అప్పీలు నోటీసు, అది తేలాక ఆర్టికల్ 78 (ప్రభుత్వ సంస్థల నిర్ణయాల్ని సవాలు చేసే రాష్ట్ర చట్టం) కింద రాష్ట్ర కోర్టు, ఆపైన పై కోర్టులు. మీ రాష్ట్రంలో ఏ వరుసో జైలు లా లైబ్రరీలో ముందు చూసుకోమనండి.

ఇక్కడ జరిగే నష్టం చిన్న మాట దగ్గర జరుగుతుంది. రాష్ట్ర పిటిషన్‌లో ‘విచారణ అన్యాయంగా జరిగింది, రాష్ట్ర నిబంధన ఫలానా ఉల్లంఘించారు’ అని మాత్రమే రాసి, ఫెడరల్ రాజ్యాంగం పేరెత్తకపోతే, ఆ కారణం రాష్ట్ర కోర్టుకు చెప్పినట్టు లెక్కలోకి రాదు. 1995లో డంకన్ వర్సెస్ హెన్రీ, 2004లో బాల్డ్విన్ వర్సెస్ రీస్ ఈ సంగతే చెప్పాయి. కింది కోర్టు తీర్పు చదివితే జడ్జికి అర్థమవుతుందిలే అనుకోవడానికి వీల్లేదు. కాబట్టి ప్రతి స్థాయిలో, ప్రతి కారణం కింద ‘అమెరికా రాజ్యాంగం 14వ సవరణ, డ్యూ ప్రాసెస్ క్లాజు’ అన్న మాటలు, ఒక ఫెడరల్ తీర్పు పేరు ఉండి తీరాలి.

ఒక కారణం రాష్ట్రంలో పూర్తయి మరొకటి కాలేదనుకోండి. రెండూ కలిపి వేస్తే పిటిషన్ మొత్తం వెనక్కి వస్తుంది. అప్పుడు పూర్తికాని దాన్ని తీసేయండి. లేదా 2005 నాటి రైన్స్ వర్సెస్ వెబర్ ప్రకారం కేసును ఆపి ఉంచమని అడగండి. అందుకు మంచి కారణం చూపాలి. ‘నాకు చట్టం తెలియదు’ అన్నదాన్ని సాధారణంగా ఒప్పుకోరు.

5. ఏడాది గడువు: వేళ్ల మీద కాదు, కాగితం మీద లెక్కపెట్టండి

1996 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం గడువు ఒక్క ఏడాది. పరోల్ కేసులో సాధారణంగా బోర్డు నిర్ణయం ఖరారైన మర్నాటి నుంచి లెక్క మొదలవుతుంది. కాలిఫోర్నియాలో నిర్ణయం ఖరారు కావడానికి విచారణ తర్వాత 120 రోజుల దాకా పట్టవచ్చు. మా సలహా ఏమిటంటే, ఆ 120 రోజుల్ని లెక్కలోంచి మినహాయించుకోకండి. విచారణ రోజే నిర్ణయం వచ్చేసిందనుకొని పని చేయండి. తర్వాత ఎవరైనా లెక్క తప్పన్నా మీరు సురక్షితంగా ఉంటారు.

సరైన పద్ధతిలో, సమయానికి వేసిన రాష్ట్ర పిటిషన్ పెండింగులో ఉన్నన్నాళ్లూ గడియారం ఆగుతుంది. వేయకముందు గడిచిన రోజులు మాత్రం పోయినట్టే, తిరిగి రావు. ఒక లెక్క చూడండి. నిర్ణయం 2024 మార్చి 12న ఖరారైంది. మార్చి 13 మొదటి రోజు. రాష్ట్ర పిటిషన్ సెప్టెంబరు 12న వేశారు. అప్పటికి 183 రోజులు ఖర్చయ్యాయి, మిగిలినవి 182. రాష్ట్ర సుప్రీంకోర్టు 2025 మే 5న కొట్టేసింది. మే 6 నుంచి మళ్లీ లెక్క నడుస్తుంది. మే నెలలో 26, జూన్ 30, జులై 31, ఆగస్టు 31, సెప్టెంబరు 30, అక్టోబరు 31 కలిపితే 179. మిగిలిన మూడూ నవంబరులో. ఆఖరి రోజు 2025 నవంబరు 3, సోమవారం. ఆ రోజు వారాంతమో సెలవో అయితే తర్వాతి పనిదినం దాకా ఉంటుంది. ఆ వెసులుబాటు మీద ఆధారపడకండి.

ఈ లెక్కలో జనం వేసే తప్పుటడుగులు ఇవి. అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లడానికి ఉన్న 90 రోజుల్ని కలిపేసుకోవడం: శిక్ష మీద నేరుగా చేసే అప్పీలులో అది కలుస్తుంది, ఇలాంటి పిటిషన్లలో కలవదని 2007లో లారెన్స్ వర్సెస్ ఫ్లోరిడా తేల్చింది. ఫెడరల్ పిటిషన్ వేశాం కదా, గడియారం ఆగిందిలే అనుకోవడం: ఆగదు, 2001లో డంకన్ వర్సెస్ వాకర్. రాష్ట్ర పిటిషన్ ఆలస్యమైందని కొట్టేసినా గడియారం ఆగిందనుకోవడం: అది అసలు వేయనట్టే లెక్క, 2005లో పేస్ వర్సెస్ డిగులియెల్మో. కాలిఫోర్నియాలో ఒక కోర్టు కొట్టేశాక పై కోర్టుకు వెళ్లే మధ్యకాలం 120 రోజుల్లోపు ఉంటే ఆలస్యం కాదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2020లో రాబిన్సన్ వర్సెస్ లూయిస్‌లో చెప్పింది. 60 రోజుల్లో పంపే అలవాటు చేసుకుంటే ఆ గీత దగ్గరికే వెళ్లనక్కర్లేదు.

జైల్లో లాక్‌డౌన్ పెట్టారు, లా లైబ్రరీకి పోనివ్వలేదు, కాగితాలు బదిలీలో పోయాయి. ఇలాంటప్పుడు 2010 నాటి హాలండ్ వర్సెస్ ఫ్లోరిడా కింద గడువు సడలించమని అడగవచ్చు. శ్రద్ధగా పనిచేశానని, తన చేతిలో లేని అసాధారణ అడ్డంకి వచ్చిందని రెండూ నిరూపించాలి. ప్రతి అర్జీ చీటీ, దాని మీద జైలు ఇచ్చిన జవాబు దాచిపెట్టుకోమనేది అందుకే.

6. పిటిషన్ రాయడం

ఫారం పేరు ఏవో 241. కొన్ని జిల్లాలకు సొంత ఫారం ఉంటుంది, కోర్టు క్లర్కుకు ఉత్తరం రాస్తే పంపుతారు. ఫారంలో ప్రశ్నలన్నీ శిక్ష మీద అప్పీలు చేసేవారిని దృష్టిలో పెట్టుకొని ఉంటాయి. శిక్ష వివరాలు అడిగిన చోట ఇచ్చి, ‘దేన్ని సవాలు చేస్తున్నారు’ అన్నచోట బోర్డు నిర్ణయాన్ని దాని తేదీతో సహా స్పష్టంగా రాయాలి. లేకపోతే కోర్టు దీన్ని పాత శిక్ష మీద పిటిషన్ అనుకొని ఏడాది ఎప్పుడో దాటిందంటుంది, లేదా ఇది రెండో పిటిషన్ అంటుంది.

ప్రతివాది పేరు దగ్గర బోర్డునో రాష్ట్రాన్నో రాయకండి. ప్రస్తుతం ఉన్న జైలు వార్డెన్ పేరు రాయాలి. ఎవరి అధీనంలో మనిషి ఉన్నాడో ఆ అధికారే ప్రతివాది.

కారణాలు రాసే చోట కాస్త ఆగాలి. ఉదాహరణకు, తెలుగు తప్ప మరో భాష సరిగ్గా రాని ఒక ఖైదీకి విచారణలో హిందీ దుభాషిని ఫోన్లో ఇచ్చారనుకుందాం. చాలామంది ఇలా రాస్తారు: ‘విచారణ అన్యాయంగా జరిగింది. నాకు భాష రాదు. నేను పూర్తిగా మారిపోయాను. నా హక్కులు కాలరాశారు.’ ఇందులో జడ్జి పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇలా రాయాలి: ‘2024 మార్చి 12 విచారణలో నాకు హిందీ దుభాషిని ఇచ్చారు. నా భాష తెలుగు. ట్రాన్‌స్క్రిప్ట్ 9వ పేజీ 4వ వరుసలో నాకు అర్థం కావడం లేదని చెప్పాను. 9వ పేజీ 11వ వరుసలో అధ్యక్షుడు కొనసాగిద్దాం అన్నారు. నేరం గురించి నేనిచ్చిన జవాబు 22వ పేజీలో తప్పుగా అనువాదమైంది, సరైన అనువాదం ఎగ్జిబిట్ 3. ఆ తప్పు జవాబునే 61వ పేజీలో నిరాకరణకు కారణంగా చూపారు. గ్రీన్‌హోల్ట్జ్ తీర్పు హామీ ఇచ్చిన, నా మాట చెప్పుకొనే అవకాశం నాకు దొరకలేదు. 14వ సవరణ.’ తేదీ, పేజీ, వరుస, దానివల్ల జరిగిన నష్టం, చట్టం: ఈ క్రమం తప్పకూడదు. ఇది కచ్చితంగా గెలిచే వాదన అని చెప్పడం లేదు. 9వ సర్క్యూట్ రాష్ట్రాల్లో ఈ సంగతినే సెక్షన్ 1983 దావాగా వేయాల్సి వస్తుంది కూడా. రాసే పద్ధతి మాత్రం ఇదే. ఇంకో సంగతి: 9వ పేజీలో ఆ అభ్యంతరం లేకపోతే ఈ కారణానికి బలమే ఉండదు. రాబోయే విచారణలో అర్థం కాని క్షణాన ‘నాకు తెలుగు దుభాషి కావాలి’ అని గట్టిగా, రికార్డుకు ఎక్కేలా చెప్పమని మీ మనిషికి ఇప్పుడే చెప్పండి.

తెలుగులో ఉన్న ఉత్తరాలు, పత్రాలు ఎగ్జిబిట్లుగా (పిటిషన్‌కు జతచేసే ఆధారాలుగా) పెడితే ఇంగ్లిషు అనువాదం, దాని కింద ‘నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తి, సరైన అనువాదం’ అన్న అనువాదకుడి సంతకం ఉండాలి. పిటిషన్ ఇంగ్లిషులోనే రాయాలి. చేతిరాత అయినా ఫర్వాలేదు, నల్ల ఇంకుతో చదవగలిగేలా రాస్తే చాలు.

ఏం కావాలో అడిగే చోట ‘పరోల్ ఇప్పించండి’ అని రాస్తే కోర్టు ఇవ్వలేనిది అడిగినట్టు. ‘ఇన్ని రోజుల్లో రాజ్యాంగబద్ధంగా కొత్త విచారణ జరపాలి, జరపకపోతే విడుదల చేయాలి’ అని షరతుతో అడగడం పద్ధతి. రద్దు కేసులో అయితే విడుదలనే నేరుగా అడగవచ్చు.

చివర సంతకం ఖైదీదే, అబద్ధమైతే శిక్షకు సిద్ధమన్న ప్రకటనతో సహా. లాయరు కాని మీరు, పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నా, ఆయన తరఫున కేసు నడపలేరు. మతిస్థిమితం లాంటి కారణంతో ఆయన తానే వేయలేకపోతే తప్ప దగ్గరివారు ఆ స్థానంలో వేయడం కుదరదు. డబ్బు తీసుకొని పిటిషన్ రాసిపెడతామనే, లైసెన్సు లేని మనుషుల దగ్గరికి వెళ్లకండి. లోపల చట్టం తెలిసిన తోటి ఖైదీ సాయం చేయడాన్ని, వేరే దారి చూపకుండా జైలు ఆపకూడదని 1969లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

7. దాఖలు

అసలు పిటిషన్‌తో పాటు రెండు నకళ్లు. 5 డాలర్లు, లేదా పేదరిక దరఖాస్తు. దరఖాస్తుకు ఖైదీ ఖాతాలో ఎంత ఉందో జైలు అధికారి సంతకంతో ధ్రువపత్రం జతచేయాలి. ఈ కాగితం రావడానికి వారాలు పట్టవచ్చు, ముందే అడగమనండి. అది రాలేదని పిటిషన్ ఆపుకోకండి. పిటిషన్ పంపేసి, ధ్రువపత్రం తర్వాత పంపవచ్చు. ఎగ్జిబిట్ల అసలు కాగితాలు పంపవద్దు.

ఖైదీ తన కవరును జైలు అధికారి చేతిలో పెట్టిన రోజునే కోర్టులో దాఖలైనట్టు లెక్కిస్తారు. 1988 నాటి హూస్టన్ వర్సెస్ లాక్ నుంచి వచ్చిన వెసులుబాటు ఇది. దీనికోసం జైల్లో చట్టపరమైన పోస్టు వ్యవస్థ ఉంటే దాన్నే వాడాలి, ఏ రోజు ఇచ్చాడో, స్టాంపు ఖర్చు కట్టాడో రాసిన ప్రకటన జతచేయాలి. గుర్తుంచుకోండి: ఆయన ఆ కాగితాలు మీకు పంపి, మీరు టైపు చేసి బయటి నుంచి పోస్టు చేస్తే ఈ వెసులుబాటు పోతుంది. అప్పుడు కోర్టుకు చేరిన రోజే లెక్క. మీరు టైపు చేయాలనుకుంటే చేసి లోపలికి పంపండి, సంతకం చేసి ఆయనే పోస్టు చేయాలి.

8. ఆ తర్వాత ఏం జరుగుతుంది

జడ్జి ముందు పిటిషన్ ఒక్కటే చదువుతారు. పైకి చూస్తేనే నిలవదనిపిస్తే ప్రతివాదిని పిలవకుండానే కొట్టేస్తారు. పరోల్ నిరాకరణ పిటిషన్లలో పెద్ద గండం ఇదే. మొదటి మెట్టులో కోర్టుకు సరిపడే ప్రశ్న ఎంచుకోమన్నది ఈ ఘట్టం కోసమే. దాటితే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం జవాబు వేస్తుంది, లేదా గడువు దాటింది, రాష్ట్ర కోర్టులు తిరగలేదు అంటూ కొట్టేయమని మోషన్ వేస్తుంది. ఆర్డరులో ఉన్న తేదీలోగా ఆయన రిప్లై వేయాలి. కోరితే పత్రాలు బయటికి తీయించే హక్కు ఇక్కడ లేదు, జడ్జి అనుమతి కావాలి. లాయరును కోర్టు పెట్టాలన్న నియమం కూడా లేదు. సాక్షుల విచారణకు ఆదేశిస్తే మాత్రం, స్తోమత లేనివారికి లాయరును ఇచ్చి తీరాలి.

చాలా చోట్ల జిల్లా జడ్జికి సాయంగా ఉండే మెజిస్ట్రేట్ జడ్జి, కేసును ఎలా తేల్చాలో మొదట సిఫారసు రాస్తారు. దాని మీద అభ్యంతరాలకు 14 రోజులే. ‘ఒప్పుకోను’ అన్న ఒక్క మాట చాలదు. సిఫారసులో ఏ పేజీ, ఏ తప్పు అని చెప్పాలి. ఈ 14 రోజులు వదిలేస్తే చాలా సర్క్యూట్లలో అప్పీలు హక్కు కూడా పోతుంది.

మీరు బయటి నుంచి చేయగల గొప్ప సాయం కోర్టు రికార్డు మీద కన్ను వేసి ఉంచడం. ప్యాసర్ అనే కోర్టుల వెబ్‌సైటులో ఖాతా తెరవండి. పేజీకి 10 సెంట్లు, ఒక పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే ఏమీ కట్టనక్కర్లేదు. జైలుకు ఉత్తరం చేరేలోపు ఆర్డరు వచ్చిన సంగతి మీకు తెలుస్తుంది. ఆయన్ను వేరే జైలుకు మారిస్తే అదే వారం కోర్టుకు చిరునామా మార్పు పంపమనండి. కోర్టు పంపిన కవరు తిరిగొస్తే కేసు కొట్టేస్తారు.

కేసు నడుస్తుండగా బోర్డు కొత్త విచారణ పెట్టినా, విడుదల చేసినా పాత నిర్ణయం మీది పిటిషన్‌కు పని లేదని ముగించే అవకాశం ఉంది. అందుకని తర్వాతి విచారణకు సిద్ధం కావడం ఆపకండి. కాలిఫోర్నియాలో 2008 నుంచి నిరాకరణ వ్యవధి 3, 5, 7, 10 లేదా 15 ఏళ్లు. పరిస్థితి మారిందని చూపి విచారణ ముందుకు జరపమని మూడేళ్లకోసారి బోర్డునే అడగవచ్చు. పౌరసత్వం లేనివారైతే ఇమిగ్రేషన్ శాఖ డిటెయినర్ (తమకు అప్పగించమని జైలుకు పంపే కోరిక) ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే పరోల్ వచ్చినా జైలు గేటు దగ్గర ఆ శాఖ చేతికి అప్పగిస్తారు. దానికి వేరే లాయరు కావాలి.

9. ఓడితే

జిల్లా కోర్టు కొట్టేశాక అప్పీలు నోటీసుకు 30 రోజులు. తీర్పును సవరించమని 28 రోజుల్లో అదే జడ్జికి మోషన్ వేస్తే, అది తేలాక 30 రోజులు మొదలవుతాయి. నోటీసు ఒక్కటే చాలదు, అప్పీలుకు అనుమతి పత్రం కావాలి. జిల్లా జడ్జి ఇవ్వనంటే సర్క్యూట్ కోర్టును అడగాలి. 2000 నాటి స్లాక్ వర్సెస్ మెక్‌డానియల్ ప్రకారం, గెలుస్తామని చూపనక్కర్లేదు. బుద్ధి ఉన్న ఇద్దరు జడ్జిలు ఈ ప్రశ్న మీద విభేదించవచ్చని చూపితే చాలు. గడువు లాంటి కారణంతో కొట్టేసి ఉంటే ఆ కారణం మీద, లోపలి రాజ్యాంగ ప్రశ్న మీద, రెండిటి మీదా అలా చూపాలి. అప్పీలు ఫీజు 605 డాలర్లు. జిల్లా కోర్టులో ఒప్పుకున్న పేదరిక వెసులుబాటు, జడ్జి తీసేయకపోతే, అక్కడా కొనసాగుతుంది.